నంబరు రాసుకో అన్నా

సారపాక నుంచి గోదావరి వంతెన దాటి భద్రాచలంలోకి వచ్చినప్పుడల్లా ఒక మిత్రుడు గుర్తొస్తాడు. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. పోయి రెండేళ్లవుతోంది. పేరు ఇప్పుడూ రాయను. అతని భార్య అతని పింఛను మీదే బతుకుతోంది.

విలేకరిగా ఈ అడవి అంచుకు వచ్చిన కొత్తలో ప్రభుత్వ రహస్యమంటే పోలీసులకు సంబంధించిందే అనుకునేవాణ్ణి. అతను చూపించిన రహస్యం ఒక కోయ రైతు చేను. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని 1/70 చట్టం లెక్కగడుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. ఆ చేను రైతుకు తిరిగి అప్పగించమని ఉత్తర్వు ఎప్పుడో వచ్చింది, బీరువాలో ఉంది. రైతు మాత్రం అదే చేలో కూలికి పోతున్నాడు.

టీ కొట్టు దగ్గర అడిగితే, "కాగితం ఇస్తే ఎవరి బీరువాదో తెలిసిపోద్ది. నంబరు రాసుకో అన్నా" అన్నాడు. ఫైలు నంబరు, తేదీ, ఎన్ని పేజీలో చెప్పాడు. చెబుతుంటే గొంతు తడారిపోయింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం, ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు నాకంటే అతనికే బాగా తెలుసు.

నా వృత్తిలో నేర్చుకున్న పెద్ద పాఠం ఆ నంబరే. చేతికొచ్చిన కాగితాన్ని అచ్చేస్తే, దాని మీది మడతా మరకా కూడా ఇచ్చినవాణ్ణి పట్టిస్తాయి. నంబరుంటే సమాచార హక్కు కింద రైతే అడగొచ్చు. "నా భూమి వివరాలు" అంటే దొరకలేదంటారు. ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వు నకలు అంటే లేదనడం కష్టం. ప్రజాప్రయోజనం పెద్దదైతే రహస్యాల చట్టం ఉన్నా సమాచారం ఇవ్వొచ్చని సమాచార హక్కు చట్టంలోని 8(2) సెక్షన్ చెబుతోంది.

రైతు వేలిముద్రతో దరఖాస్తు వెళ్లింది, నకలు వచ్చింది, వార్త రాశాను. ఎవరు చెప్పారని ఆఫీసులో ఆరా తీశారు. ఇద్దరం నోరు విప్పలేదు. ఆ వానాకాలం రైతు కొంత చేలోనైనా సొంతంగా అరక కట్టాడు. మిత్రుడు ఆ ఊరి వైపు ఒక్కసారి కూడా వెళ్లలేకపోయాడు.

రఫేల్ యుద్ధవిమానాల ఒప్పందం పత్రాలు దొంగచాటుగా బయటికొచ్చాయన్న అభ్యంతరాన్ని 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అచ్చేసిన పత్రికకు అది అండ. ఫైలు విప్పిన గుమాస్తాకు అండ ఏది? విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమలు తేదీని కేంద్రం ఇంకా ప్రకటించలేదు. ప్రకటించాలి.