రెక్క కొసన చుక్క

ఆళ్లగడ్డ శిల్పుల పని చూడ్డానికి దూరాభారం లెక్కచేయకుండా వస్తారు. నంద్యాల నుంచి వచ్చే దారిలో, కేసీ కెనాల్ కింది వరిమడి గట్ల మీద ఉన్న పనితనం కోసం మాత్రం ఎవరూ బండి ఆపరు.

గట్టున పుల్ల కొసన వాలిన ఎర్ర తూనీగ రెక్కను ఎండకెదురుగా చూడండి. సన్నని ఈనెల వల కనిపిస్తుంది. చదునైన పొర కాదది, ముందంచు నుంచి వెనక్కి మడతలు మడతలుగా ఉంటుంది. షెడ్డు మీది రేకుకు వంపుల వల్ల బిగువొచ్చినట్టే, ఆ పలుచని పొరకు మడతలే బలం. కొసకు దగ్గర్లో, ముందంచునే, ఒక ముదురు చుక్క. సింగారమనుకుంటాం. ఒంటి బరువులో వెయ్యో వంతు తూగే ఆ చుక్కే రెక్క అదురును అణుస్తుంది. దానివల్ల తూనీగ రెక్కలాడించకుండా, అదురు పుట్టకుండా తేలగల వేగం పదో వంతు నుంచి పావు వంతు దాకా పెరుగుతుందని స్వీడన్ శాస్త్రవేత్త నార్బెర్గ్ 1972లో లెక్కగట్టాడు. నా మటుకు తూనీగ మొత్తంలో ఇంత పొదుపైన పని మరొకటి లేదు.

ఈగకూ తేనెటీగకూ ఎగిరే కండరాలు ఛాతీ డొప్పను నొక్కి వదులుతాయి, ఆ కదలికకు రెక్కలాడతాయి. తూనీగ కండరాలు నేరుగా రెక్కల మొదళ్లకే అతుక్కుని ఉంటాయి. నాలుగు రెక్కలూ దేని దారి దానిదే. అందుకే గాల్లో నిలబడగలదు, ఉన్నచోటే తిరగగలదు, వెనక్కీ పోగలదు. వేటలో దోమ వెనకాల పడదు. దోమ చేరబోయే చోటుకే గురిపెట్టి వెళ్లి, ముళ్ల కాళ్లతో ఒడిసిపడుతుంది. ప్రయోగాల్లో పది వేటల్లో తొమ్మిదికి పైగా ఫలించాయి. ఆ కాళ్లతో నడవడం మాత్రం దాదాపు చేతకాదు.

వానాకాలంలో గుంపులుగా తిరిగే పసుపు తూనీగ సంగతి వేరు. వెనక రెక్కల మొదలు బాగా వెడల్పు, అందుకని గాలి మోస్తుంటే ఆడించే శ్రమ తక్కువ. ఏటా అక్టోబరులో ఇవి మాల్దీవుల్లో లక్షలుగా దిగడం గమనించిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, భారతదేశం నుంచి ఈశాన్య గాలుల మీద తూర్పు ఆఫ్రికాకు సముద్రం దాటుతున్నాయని 2009లో రాశాడు. అక్కడ వాన నీళ్లు నిలిచిన గుంటల్లో గుడ్లు పెడతాయి, నెలన్నర అటూ ఇటూ కాగానే పిల్లలకు రెక్కలొస్తాయి. నైరుతి గాలితో మన వైపు తిరిగొచ్చేవి ఆ తర్వాతి తరాలని ఆయన అంచనా.