గుమ్మం బయట పెట్టిపో: కరోనా కాలపు 'భద్రత' మీద మా మాట

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన నాటినుంచి మన నగరాల్లో ఒక మాట తెగ చెలామణీ అయింది: 'కాంటాక్ట్‌లెస్ డెలివరీ'. పొట్లం గుమ్మం బయట పెట్టు, బెల్లు కొట్టు, వెనక్కి జరుగు. డబ్బు ఫోన్లో వస్తది. పత్రికలు ఈ పద్ధతిని మెచ్చుకున్నాయి. ఇంటిపట్టున కూర్చుని కరోనా కవితలు రాసుకున్న మన రచయితలూ మెచ్చుకున్నారు. కొత్త నాగరికత అన్నారు. మాకైతే ఇందులో కొత్తదనం కనబడలేదు. తాకకుండా ఇవ్వడం, తాకకుండా పుచ్చుకోవడం మా వాడలకు తాతలనాటి సంగతే. దోసిలి పట్టి పైనుంచి నీళ్ళు పోయించుకున్నోళ్ళం. టీ హోటలు చూరుకింద మాకని వేరే పెట్టిన గ్లాసు మేమే కడిగి బోర్లించినోళ్ళం. కూలి డబ్బులు నేలమీద పెడితే వంగి ఏరుకున్నోళ్ళం. 1917లో విదేశాల్లో పెద్ద చదువులు చదివి బరోడా సంస్థానంలో కొలువుకు చేరిన అంబేడ్కర్ బల్లమీదికి అక్కడి బంట్రోతులు కాగితాలు దూరంనుంచే విసిరేవారు. దానికి అప్పట్లో ఇంగ్లీషు పేరు లేదు, అంతే తేడా.

ఇలా అంటే కొందరు మిత్రులు నొచ్చుకుంటారని తెలుసు. "రోగమొచ్చినప్పుడు ఎడంగా ఉండమంటే అదీ అంటరానితనమేనా? వైరస్‌కు కులముందా?" అంటారు. లేదు. ఎడం పాటించొద్దని మేమనలేదు. మేమడిగేది వేరే. ఆ ఎడం ఎవరి ప్రాణం కోసం? ఎవరు ఎవర్నించి కాపాడబడ్డారు?

ఆ రోజుల్ని గుర్తు చేసుకుందాం. 2020 ఏప్రిల్‌లో ఆహారం చేరవేసే కంపెనీలు రైడర్ ఒంటి వేడి ఎంతో కస్టమర్ ఫోన్లో చూపించడం మొదలుపెట్టాయి. ఆరోగ్యసేతు యాప్ ఫోన్లో వేసుకుంటేనే పని అన్నాయి. మంచిదే అనుకుందాం. మరి తలుపు తీసే అయ్యకు జ్వరముందో లేదో రైడర్ ఫోన్లో ఎక్కడ చూపించారు? ఆ ఇంట్లో ముగ్గురు మంచమెక్కి ఉంటే, ఆ సంగతి వాళ్ళకు మందులూ అన్నమూ మోసుకుపోయేవాడికి ఎవరు చెప్పారు? వైరస్ రెండువైపులా పోతది. కానీ నిఘా ఒకవైపే పోయింది. అదే నెలలో దిల్లీలో, మాలవీయ నగర్ వైపు, పిజ్జా చేరవేసే ఒక కార్మికుడికి కరోనా తేలింది. అతను పోయొచ్చిన 72 కుటుంబాలను ఇళ్ళల్లోనే ఉండమన్నారు. దేశమంతా వార్త అయింది. ఏ వార్త చూసినా 72 ఇళ్ళకు ఇతని వల్ల ప్రమాదం అన్నట్టే రాశారు. ఇతనికి ఎవరి నుంచి వచ్చింది, ఏ గుమ్మం కాడ అంటుకుంది అని అడిగిన రాత మాకు కనబడలేదు. రోగాన్ని మోసుకొచ్చినవాడిగా తప్ప రోగం తగిలినవాడిగా అతన్ని చూడలేకపోవడం ఉత్త అజాగ్రత్త కాదు. దానికి వెనక ఒక పాత అలవాటుంది. మైల ఎప్పుడూ కిందినుంచి పైకే పాకుతుందని నమ్మిన అలవాటది.

అంటుకునే జబ్బు పేరు చెప్పి అంటు ఎలా తిరిగొచ్చిందో చూడటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అదే ఏప్రిల్‌లో ముంబై పక్కన ఠాణే జిల్లాలో, సరుకులు తెచ్చినవాడు ముస్లిం అని తెలిసి తీసుకోనన్న ఒకాయన్ని పోలీసులు అరెస్టు చేశారు. 2022 జూన్‌లో, కరోనా భయం సన్నగిల్లాక, లక్నోలో ఒక దళిత రైడర్ పోలీసులకు ఫిర్యాదు చేశాడు. పేరడిగారనీ, కులం తెలిశాక నీ చేతి తిండి ముట్టమన్నారనీ, మొహం మీద ఉమ్మి కొట్టారనీ అందులో చెప్పాడు. ఆరోపణలను అవతలివారు కాదన్నారు. కేసు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదయింది. మాస్కు మొహాన్ని కప్పుతుంది గానీ పేరును కప్పదు. ఆర్డరు బయల్దేరగానే తెచ్చేవాడి పేరు యాప్ మీద పడుతుంది. మన దేశంలో పేరంటే ఏమిటో వేరే చెప్పాలా?

రైడర్లందరూ దళితులని మేమనడం లేదు. బీసీలున్నారు, ముస్లింలున్నారు, చదువుకుని కొలువు దొరకని అగ్రకుల పేద పిల్లలూ ఉన్నారు. ఎండా వానా అందరికీ ఒకటే. కానీ రంగు టీషర్టు విప్పాక ఒకడు తన కులంలోకి తిరిగి పోగలడు, ఇంకొకడికి పోవడానికి వాడ తప్ప చోటు లేదు. టీషర్టు వేసుకున్నంతసేపూ ఆ మొదటివాడు కూడా వాడ మనిషిలాగే గేటు కాడ ఆగాల్సి వస్తున్నదంటే, కులం ఒక పనికి ఎట్లా అంటుకుంటదో అది చూపుతున్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, యాప్ ఆధారిత రవాణా కార్మికుల సమాఖ్య, పైగామ్ సంస్థ కలిసి 2024లో ఒక అధ్యయనం వెలువరించాయి. హైదరాబాద్ సహా 8 నగరాల్లో పదివేలమందికి పైగా క్యాబ్ డ్రైవర్లనూ డెలివరీ కార్మికులనూ పలకరించారు. క్యాబ్ నడిపేవాళ్ళలో రోజుకు 14 గంటలు దాటి పనిచేసేవాళ్ళు ఎస్సీ ఎస్టీలలో 60 శాతం పైచిలుకు, అన్‌రిజర్వుడు వర్గాల్లో 16 శాతం అని అందులో తేలింది. యాప్‌కు కులం తెలియదనేవాళ్ళు ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అప్పులేని ఇల్లు, ఊళ్ళో అరెకరం ఉన్నవాడు పన్నెండో గంటకు ఫోన్ ఆపేస్తాడు. లేనివాడు ఆపలేడు.

ఇప్పుడు చట్టం సంగతి. రైడర్‌ను కంపెనీ 'పార్ట్‌నర్' అంటుంది. వెట్టి చేసేవాణ్ణి 'మా ఇంటి మనిషి' అన్న దొరల నోరు మాకు గుర్తొస్తుంది. లాక్‌డౌన్‌లో ఈ పార్ట్‌నర్ల కోసం సహాయ నిధులు పెట్టారు, కస్టమర్లను చందాలడిగారు. భాగస్వామికి చందా ఎందుకు? కార్మికుడైతే హక్కుగా అడిగేవాడు. అడిగేవాణ్ణి తయారు చేయకుండా ఉండటానికే ఆ పేరు. 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లో చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ రైడర్లు రోడ్డుమీదికొచ్చారు. ఆర్డరుకు 35 రూపాయలు వచ్చేచోట 15కు దించారన్నది వాళ్ళ మాట, అది నిజం కాదన్నది కంపెనీ మాట. జనం చప్పట్లు కొట్టి వీరులన్న ఏడాదే ఇది.

అదే సెప్టెంబరులో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్‌ను ఆమోదించింది. గిగ్ కార్మికుడనే మాట మొదటిసారి చట్టంలోకెక్కింది. ఎట్లా ఎక్కింది? సంప్రదాయిక యజమాని-ఉద్యోగి సంబంధానికి 'బయట' సంపాదించుకునేవాడు అని. మళ్ళీ ఆ 'బయట'! ఊరికి బయట, గుడికి బయట, ఇప్పుడు చట్ట సంబంధానికీ బయట. వీళ్ళ సంక్షేమానికి కంపెనీలు ఏటా టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలట, అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా. సరే, చచ్చాక బీమా, పడ్డాక సాయం. మరి పడకుండా చూసే చట్టం? దానితో పాటే వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో పనిచోట ప్రమాదం లేకుండా చూడటం యజమాని బాధ్యత అని ఉంది. ఆ కోడ్‌లో గిగ్ కార్మికుడి ఊసు లేదు. మాస్కు, శానిటైజరు, హెల్మెట్, చూసుకోవడానికి డాక్టరు, వీటిని హక్కుగా అడగాల్సిన చోటు అది. అక్కడ ఇతను లేడు. 2025 నవంబర్ 21న ఈ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ ఖాళీ అట్లాగే వచ్చింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ కాలంలో ఫ్యాక్టరీల్లో వారానికి పని 54 గంటల నుంచి 48కి దిగింది. ఆ గంటలు కూడా యాప్ గడియారానికి వర్తించవు.

కళల్లో ఏమైనా జవాబుందా అని వెతికాం. 2023 మార్చిలో నందితా దాస్ 'జ్విగాటో' సినిమా వచ్చింది. భువనేశ్వర్‌లో కరోనా కాలంలో ఫ్యాక్టరీ ఉద్యోగం పోయి డెలివరీకి దిగిన మనిషి కథ. కపిల్ శర్మ నవ్వించడం మానేసి ఒళ్ళొంచి చేశాడు. రేటింగు మనిషిని ఎట్లా నమిలేస్తదో ఈ సినిమా చూపినంత బాగా మరేదీ చూపలేదనే అంటాం. కానీ దాని దుఃఖమంతా పైనుంచి జారిపడినవాడి దుఃఖం. కులాన్ని తడిమి దాటిపోతుంది. పోవడానికి ఫ్యాక్టరీ ఉద్యోగమే ఎన్నడూ లేనివాడు, పాకీపని నుంచో పశువుల కాపు నుంచో పారిపోయి బండెక్కి, ఇక్కడైనా కులం అడగరనుకున్నవాడు ఆ కథకు కేంద్రం కాలేదు. అతనికి ఈ సంచీ పతనం కాదు, ఒక ఆశ. గుమ్మం కాడ ఆ ఆశకు ఏమవుతుందో ఇంకా ఎవరూ రాయలేదు. మన తెలుగులో కరోనా కథలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో డెలివరీ కుర్రాడు బెల్లు కొట్టి మాయమయ్యేవాడే ఎక్కువ. కథ తలుపు లోపలే జరుగుతుంది.

కరోనా పోయింది, ఎడం పోలేదు. 2023లో హైదరాబాద్‌లో ఒక హౌసింగ్ సొసైటీ పనిమనుషులు, డ్రైవర్లు, డెలివరీ కుర్రాళ్ళు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని నోటీసు పెట్టింది. ఇప్పుడు ఏ వైరస్ పేరు చెబుతారు?

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా బయటపెట్టింది. నమోదు, సామాజిక భద్రత, సంక్షేమం అన్నీ దాని పేరులోనే ఉన్నాయి. గుమ్మం కాడి అవమానాన్ని కూడా పని ప్రమాదంగా లెక్కించాలని మేమంటున్నాం. అత్యాచారాల నిరోధక చట్టం కింద అవమానం నేరం కావాలంటే అది పదిమందీ చూడగల చోట జరిగుండాలి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో, ఇంటి గేటు కాడ కారు పక్కన నిలబడ్డ ఒక దళిత డ్రైవర్‌ను తిట్టిన సంగతిలో, గేటు బయట అంటే నలుగురూ చూసే చోటేనని సుప్రీంకోర్టు అన్నది. 2020 నవంబర్లో హితేశ్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నది ఆ కిందికి రాదన్నది. మరి రైడర్ పనిచోటు ఏది? ఇంటి లోపలా కాదు, వీధీ కాదు. ఏడో అంతస్తు వరండా, తలుపులన్నీ మూసి ఉన్న మధ్యాహ్నం, చేతిలో సంచీ, ఎదురుగా సగం తెరిచిన తలుపు. సాక్షి ఎవరు? లిఫ్టు కాడి కెమెరా ఉంటే దాని రికార్డు సొసైటీ చేతిలో. కాల్ రికార్డు కంపెనీ చేతిలో. ఆ రెండూ కార్మికుడు అడిగిన నాడు ఇచ్చితీరాలని బిల్లులో ఒక వాక్యం రాయించుకోవడం మన సంఘాల ముందున్న పని.