వీడియో గేములలో ప్రాతినిధ్యం: ఆహార్యం, క్రియ, అభిమాని పఠనం

వీడియో గేములలో ఒక ప్రాంతానికో, మతానికో, మానసిక వైవిధ్యానికో చెందిన పాత్ర ప్రవేశించినప్పుడు దానిపై సాగే చర్చ చాలావరకు ఆ పాత్ర రూపం దగ్గరే ఆగుతుంది. ఒంటి రంగు సరిగా ఉందా, కట్టుబొట్టు సహజంగా ఉన్నాయా, పేరు నమ్మదగినదేనా అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. భరతుని పరిభాషలో చెప్పాలంటే ఈ చర్చ ఆహార్యాన్ని దాటదు. ఆ ప్రశ్నలు అనవసరమని కాదు. జపాను సంస్థ క్యాప్‌కామ్ 1991లో విడుదల చేసిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో భారతదేశానికి ప్రతినిధిగా నిలిచిన ధాల్సిమ్ మెడలో పుర్రెల దండతో, నోటి నుంచి నిప్పులు చిమ్ముతూ, దెబ్బల పేర్లకు యోగ శబ్దాన్ని తగిలించుకొని కనిపిస్తాడు. అక్కడ ఆహార్యమే సర్వస్వం. దానిని విమర్శించడానికి పెద్ద శ్రమ అక్కరలేదు.

అయితే ఆట నాటకం కాదు. నాటకంలో పాత్ర చేసేది నటుడు, చూసేది ప్రేక్షకుడు. ఆటలో ఈ ఇద్దరూ ఒక్కరే. పాత్ర చేత ఏమి చేయించవచ్చు, ఏమి చేయించలేము, తప్పు జరిగితే ఏమవుతుంది అన్నవాటిని ఆట నియమాలు నిర్ణయిస్తాయి. కనుక పాత్రకు తొడిగిన వేషంలో కంటే దానికి ఇచ్చిన క్రియలలో ప్రాతినిధ్యాన్ని వెతకాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఈ పనిని ఇప్పటికే చేస్తున్నవారు అభిమానులు. మన సాహిత్య విమర్శలో ‘అభిమాని’ అన్న మాటకు అంత గౌరవం లేదు. సినిమా సంఘాల కారణంగా దానికి వివేచన లేని భక్తి అన్న అర్థచ్ఛాయ అంటుకుంది. కాని అభిమానమంటే ప్రీతి మాత్రమే కాదు, ఆత్మగౌరవం కూడా. తాను ప్రేమించే ఆటలో తనవంటి వ్యక్తి ఎలా ఉన్నదో అడిగే ఆటగాడిలో ఈ రెండర్థాలూ కలిసి పనిచేస్తాయి. పైగా ఒకే పాత్రను వందల గంటలు నడిపినవారికి దాని క్రియలు చేతివేళ్లకు తెలిసి ఉంటాయి. ఆడకుండా బొమ్మను మాత్రమే చూసి తీర్పు చెప్పేవారికి ఈ జ్ఞానం అందదు.

అమెరికా సంస్థ బ్లిజార్డ్ 2016 మే నెలలో విడుదల చేసిన ‘ఓవర్‌వాచ్’లోని సిమెట్రా ఇందుకు తగిన ఉదాహరణ. ఆమె అసలు పేరు సత్య వాస్వాని, జన్మస్థలం హైదరాబాదు. అధికారిక కథ ప్రకారం ఆమె కటిక పేదరికంలో పుట్టింది. కాంతిని ఘనపదార్థంగా మలచగల ప్రతిభ ఉన్నదని గుర్తించిన విష్కర్ అనే సంస్థ ఆమెను బాల్యంలోనే తీసుకుపోయి తన శిక్షణాలయంలో చేర్చింది. ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. తోటివారు యాంత్రిక పద్ధతిలో చేసే పనిని ఆమె చిన్ననాడు అభ్యసించిన భారతీయ సంప్రదాయ నృత్యం ప్రేరణగా చేతి కదలికలతో సాధిస్తుంది. ఆ నృత్యం ఏదో చెప్పలేదు. వాస్వాని సింధీ ఇంటిపేరు. దేశ విభజన తరువాత సికింద్రాబాదులో స్థిరపడిన సింధీ కుటుంబాలు ఉన్నాయి కనుక ఇది అసంభవం కాదు. అటువంటి కుటుంబకథ మాత్రం ఆట ఎక్కడా చెప్పదు. ఆమె వాచికం ఇంగ్లీషు, ఇంగ్లీషు కానిచోట హిందీ. తెలుగు గాని, దక్కనీ గాని వినిపించవు. హైదరాబాదు ఇక్కడ ఆమె వదలివచ్చిన పేదరికానికి ఒక పేరు మాత్రమే. తెలుగు ఆటగాడు ఆ పేరు చూసి మొదట ఉప్పొంగి, తరువాత ఏదో వెలితిగా ఉన్నదని భావిస్తే ఆ వెలితికి కారణం ఇదే.

ఇంతవరకూ చెప్పినది రూపానికీ కథకూ సంబంధించిన విమర్శ. సిమెట్రా విషయంలో అభిమానులు చేసిన అసలు పని వేరే చోట ఉంది. ఆటకు అనుబంధంగా 2016లో వచ్చిన ‘ఎ బెటర్ వరల్డ్’ అనే చిత్రకథలో ఆమె తనలో తాను మాట్లాడుకుంటూ, ఆటిజానికి సంబంధించిన శ్రేణిలో తాను ఎక్కడ ఉంటానని ఇతరులు అడిగేవారనీ, ఆ మాట ఒకప్పుడు తనను బాధించేదనీ తలచుకుంటుంది. చిత్రకథలో ఆ ప్రస్తావన ఒక్క క్షణమే. కొందరు పాఠకులు దానిని వదలలేదు. 2017లో ఒక అభిమాని ఆట నిర్దేశకుడు జెఫ్ కాప్లన్‌కు ఉత్తరం రాసి నేరుగా అడిగాడు. సిమెట్రా ఆటిజం ఉన్న వ్యక్తేనని కాప్లన్ బదులిచ్చాడు. మన వ్యాఖ్యాతలు ఒక్క పదం పట్టుకొని పద్యం అర్థాన్నంతటినీ తిప్పి చూపిన సందర్భాలు సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు. ఇక్కడి విశేషం, వ్యాఖ్యాత ప్రశ్నకు కర్త స్వయంగా సమాధానం చెప్పడం, ఆ సమాధానం పాత్ర ప్రామాణిక చరిత్రలో భాగమైపోవడం.

మరి ఆ లక్షణం ఆటలో ఎక్కడ ఉంది? ఆమె వేషంలో లేదు. ఉంటే ఆమె క్రియలలో ఉండాలి. తొలి రూపంలో సిమెట్రా ప్రధానంగా అమర్చే పాత్ర. శత్రువు రాబోయే దారిని ముందే ఊహించి, గోడలపైనా గుమ్మాలపైనా చిన్న కాపలా యంత్రాలను ఒక క్రమంలో పేర్చాలి. అలా ఆరింటిని ఒకేసారి నిలపవచ్చు. చేతిలోని కిరణం దగ్గరికి వచ్చిన శత్రువుకు దానంతట అదే అతుక్కునేది. గురి తప్పడం అన్న మాట ఉండేది కాదు. అంటే చురుకైన చేతికంటే స్థలజ్ఞానానికీ, పునరావృతికీ, అమరికకూ విలువనిచ్చిన పాత్ర ఇది. గందరగోళమైన యుద్ధరంగంలో తనకంటూ ఒక క్రమబద్ధమైన మూలను ఏర్పరచుకోవడం ఆమె ఆటతీరు. ఆటిజం ఉన్నవారందరి స్వభావం ఇదేనని చెప్పడం అన్యాయం. కాని చిత్రకథలోని ఆ ఒక్క మాటకూ, ఈ అమరికకూ మధ్య సంబంధం కల్పితం కాదని ఆడినవారు గ్రహించగలరు.

2018లో సంస్థ ఈ పాత్రను పునర్నిర్మించింది. కాపలా యంత్రాల సంఖ్య మూడుకు తగ్గింది. వాటిని పేర్చడం పోయి దూరం నుంచి విసరడం వచ్చింది. అతుక్కునే కిరణం స్థానంలో కదిలే శత్రువుపై గురి నిలపవలసిన కిరణం వచ్చింది. పోటీలో సమతుల్యం సాధించడానికి ఇటువంటి మార్పులు సహజమే. ప్రాతినిధ్యం దృష్టితో చూస్తే మాత్రం ఇది చిన్న మార్పు కాదు. పేరు, రూపం, చరిత్ర అలాగే ఉండగా పాత్ర చేసే పని మారింది. ఓపికగా అమర్చేవారికి, వేగంగా గురిపెట్టలేని చేతులు గలవారికి ఆమె తెరిచిన తలుపు కొంత మూసుకుంది. ముద్రిత నవలలో పాత్ర స్వభావం ఇలా రాత్రికి రాత్రి మారదు. ఆట విమర్శకుడు ఏ సంవత్సరపు పాత్ర గురించి మాట్లాడుతున్నాడో చెప్పవలసి రావడం ఈ ప్రక్రియ ప్రత్యేకత.

చిత్రకథలో విష్కర్ సంస్థ రియో డి జనీరోలో పోటీదారు భవనాన్ని పేల్చివేస్తుంది. మంటలు పేదల వాడకు పాకుతాయి. సిమెట్రా ఒక బాలికను కాపాడినా, తన సంస్థపై తొలిసారి సందేహపడుతుంది. అదే నగరంలో విష్కర్‌పై తిరుగుబాటు నడిపిన లూసియో కూడా ఈ ఆటలో ఒక పాత్ర. కాని పోటీ మొదలైతే వీరిద్దరూ ఒకే జట్టులో పక్కపక్కన నిలబడి గెలుపుకోసం పోరాడవచ్చు. సందేహించడం అన్న క్రియ ఆమెకు చిత్రకథలో ఉంది, ఆటలో లేదు.

ఈ పాత్రపై బహిరంగంగా రేగిన వివాదాలలో ఒకటి మళ్లీ ఆహార్యం గురించే. ఆటగాళ్లు ‘స్కిన్’ అని పిలిచే మారువేషాలలో ‘దేవి’ పేరుతో ఒకటి ఉంది. అమెరికాలోని నెవాడాకు చెందిన హిందూ మతప్రచారకుడు రాజన్ జెద్ 2016లో దానిని తొలగించమని కోరాడు. సంస్థ తొలగించలేదు. ఆయన అభ్యంతరం వెనుక ఉన్న తర్కం అంతకు ఏడేళ్ల ముందటి మరో సందర్భంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2009లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ విడుదల చేసింది. దీనిని రూపొందించినది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. భక్తుడు పూజించవలసిన దేవుణ్ణి మీటలతో తనకు తోచినట్లు కదిలించడం అపచారమన్నది నాడు జెద్ వాదన.

తెలుగువారికి ఈ వాదన వెంటనే తోలుబొమ్మలాటను గుర్తుకు తేవాలి. దేవుణ్ణి మనిషి చేతితో కదిలించడమే అపచారమైతే నిమ్మలకుంట కళాకారులు తరతరాలుగా ఏమి చేస్తున్నట్లు? అక్కడ కూడా హనుమంతుడు కర్రపుల్లల ఆధారంగానే ఎగురుతాడు. కదిలించడంలో దోషం లేదు. అయినా రెండింటికీ తేడా ఉంది. తోలుబొమ్మలాటలో హనుమంతుడు ప్రతి రాత్రీ సముద్రం దాటుతాడు. ఆడించేవాడి చేయి తొట్రుపడినా కథ తొట్రుపడదు. తన్నులు తినడం, పడిపోవడం, నవ్వులపాలు కావడం బంగారక్క, జుట్టుపోలిగాడి వాటా. గంతులతో సాగే వీడియో గేమ్‌లో అలా కాదు. ఆటగాడు మీట ఒక క్షణం ఆలస్యంగా నొక్కితే వాయుపుత్రుడే గోతిలో పడతాడు, ప్రాణం ఒకటి తగ్గుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. సంప్రదాయం వైఫల్యాన్ని దేవుడికి దూరంగా ఉంచింది. ఈ ప్రక్రియ దానిని ఆయనకే అంటగట్టింది. జెద్ అభ్యంతరంలో బలం ఉంటే అది ఇక్కడ ఉండాలి. ఆయన మాత్రం మీటల దగ్గరే ఆగిపోయాడు.

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ ఈ చిక్కును చక్కగా విడదీసింది. ఆటగాడు నడిపేది దేవతను కాదు, అసురుడు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతికే రాజీ అనే బాలికను. దుర్గ, విష్ణువు పైనుంచి ఆమె ప్రయాణాన్ని చూస్తూ మాట్లాడుకుంటారు. దేవతలు ఆయుధాలిస్తారు, పడి లేచేది ఆమె. నడుమ వచ్చే కథాఖండాలు నీడబొమ్మల శైలిలో ఉండటం యాదృచ్ఛికం అనిపించదు. ఇక్కడ వైఫల్యం మనిషి వాటాకు తిరిగి వచ్చింది. దేవతల సంభాషణ కొన్నిచోట్ల పాఠం చెప్పినట్లు సాగి విసుగు పుట్టిస్తుంది, అది వేరే సంగతి.

రాజీ వృత్తిరీత్యా గారడీ విన్యాసాలు చేసే పిల్ల. గోడల వెంట పరుగెత్తడం, స్తంభాన్ని పట్టుకొని గిరగిర తిరిగి శత్రువును కొట్టడం, ఎత్తునుంచి దూకి లేవడం ఆమె యుద్ధవిద్య. వాటన్నిటినీ ఆమె పొట్టకూటి కోసం నేర్చుకున్నది. ఆటలో అభినందించవలసిన ప్రధానాంశం ఇదేనని నా అభిప్రాయం. తెలుగు నేలపై ఈ విద్య దొమ్మరులది. వారి పేరును తిట్టుగా వాడే అలవాటు మన నోళ్లలో ఇంకా పోలేదు. ఆ విద్యనే ఒక ఆడపిల్లకు శక్తిగా ఇచ్చి, దేవతల చేత మెచ్చించడం ఏ వేషమూ చేయలేని పని. కాని ఆట అక్కడే ఆగింది. రాజీ ఏ కులానికి చెందినదో, ఆమె విన్యాసాలకు ఊరు ఏ విలువ ఇచ్చేదో కథ పట్టించుకోదు. దొమ్మరాట జనం మధ్యలో జరుగుతుంది. గడపై ఎక్కిన పిల్ల ఎంత ఎత్తు ఎక్కినా కింద డబ్బులు వేసే చేతులు, వెక్కిరించే నోళ్లు ఉంటాయి. రాజీ ఎక్కే కోటలు అద్భుతమైన చెక్కడాలతో ఉన్నా దాదాపు నిర్జనాలు. ఆమె స్తంభం చుట్టూ తిరుగుతున్నప్పుడు చూసేవారు అసురులు, దేవతలు, కంట్రోలర్ పట్టుకున్న ఆటగాడు. ఊరివారు ఎవరూ లేరు.