రోము వెండిపై రాణుల ముఖాలు

క్రీ.శ. 140 ప్రాంతంలో రోము చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ భార్య ఫౌస్టీనా కన్నుమూసింది. ఆమె బతికుండగా వేసిన నాణేలు కొద్ది. పోయాక మాత్రం సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించింది, టంకశాల ఏళ్ల తరబడి ఆమె బొమ్మతో వెండి డెనారియస్‌లు కొట్టింది. ఇవాళ రాణుల నాణేలు సేకరించేవారికి తేలిగ్గా దొరికేవాటిలో ఇవి ముందుంటాయి. చక్రవర్తి నాణెం అతను గెలిచిన యుద్ధాలు చెబుతుంది. రాణి నాణెం చెప్పేది వేరు: రాజ్యం స్త్రీ నుంచి ఏం ఆశించిందో అది చూపిస్తుంది.

డెనారియస్ క్రీ.పూ. 211 ప్రాంతంలో పుట్టింది. మొదట్లో దానిమీద బతికున్న స్త్రీల ముఖాలు అరుదు. క్రీ.శ. 54లో చక్రవర్తి నీరో, అతని తల్లి అగ్రిప్పినా ఒకే నాణెంపై ఎదురెదురుగా కనిపించడం పెద్ద విశేషం. మరుసటి ఏటికే తల్లి ముఖం కొడుకు ముఖం వెనక్కి జరిగింది. రెండో శతాబ్దానికి రాణుల నాణేలు మామూలయ్యాయి. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ భార్య జూలియా డోమ్నా పేర అవి విరివిగా వచ్చాయి.

చేతికొచ్చిన నాణేన్ని ముందు బొమ్మ వైపు చదవాలి. అంచు వెంట ఉన్న అక్షరాలే కాలాన్ని పట్టిస్తాయి. ‘జూలియా డోమ్నా’ అని పూర్తి పేరుంటే తొలి రోజులది. ‘జూలియా అగస్టా’ అని ఉంటే 196 తరవాతది. ‘పియా ఫెలిక్స్’ చేరితే భర్త పోయి, కొడుకు కారకల్లా ఏలుతున్న కాలానిది. ఫౌస్టీనాలు ఇద్దరు, తల్లీ కూతుళ్లు. ఇద్దరూ చనిపోయాక దేవతలయ్యారు. ‘దివా ఫౌస్టీనా’ పక్కన ‘పియా’ ఉంటే అది కూతురిది. అక్షరాలు అరిగిపోతే కేశాలంకరణే ఆధారం. తల్లికి జడలు అల్లి నడినెత్తిన చుట్టిన కొప్పు. కూతురికి అలలలాంటి జుట్టు, మెడ దగ్గర చిన్న ముడి. డోమ్నాకు చెవులు కప్పేసే దట్టమైన మడతల జుట్టు.

తరవాత బొరుసు. జూనో పక్కన నెమలి, వీనస్ చేతిలో యాపిల్ పండు, పసిపిల్లల్ని ఎత్తుకున్న సంతానదేవత, ముసుగు సవరించుకుంటున్న శీలదేవత. ఇవన్నీ రాజ్యం కోరుకున్న భార్య లక్షణాలు. జీవితం మాత్రం ఆ కోరికకు లొంగలేదు. కారకల్లా భార్య ప్లాటిల్లా నాణేలపై దంపతులు చేతులు కలుపుకొని ఉంటారు, వంశం పెరగాలన్న మాట రాసి ఉంటుంది. 205లో ప్లాటిల్లా తండ్రి హత్యకు గురవగానే ఆమెను ద్వీపవాసానికి పంపారు, తరవాత చంపించారు. ఆ నాణేలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

అసలు నాణేన్ని గుర్తించడానికి చిన్న తూకం, భూతద్దం చాలు. రెండో శతాబ్దపు డెనారియస్ మూడు గ్రాములకు కాస్త పైన తూగుతుంది, అడ్డుకొలత 18 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అచ్చుల మధ్య వెండి బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టినది కాబట్టి బొమ్మ కాస్త పక్కకు జరగవచ్చు, అంచు పగలవచ్చు. అది దోషం కాదు. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై బుడగల గుంటలు కనిపిస్తే పోత పోసిన నకిలీ అని అనుమానించాలి. వెండి పూత కింద రాగి తొంగిచూసేవీ ఉన్నాయి. అవి ఆనాటి దొంగనాణేలే కావచ్చు. సెవెరస్ కాలానికి వెండి పాలు సగం దాకా పడిపోయింది, కాబట్టి తెల్లదనం ఒక్కటే ప్రమాణం కాదు. వెండి పాత్రల్ని తోమినట్టు మెరుగు పెడితే నాణెం విలువ పోతుంది. పీవీసీ కవర్లు పచ్చటి జిడ్డు పట్టిస్తాయి.

మన నేలకూ ఈ నాణేలతో సంబంధం ఉంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోము చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ రకం వెండి నాణేల నిధి దొరికింది. టైబీరియస్ నాణెం బొరుసుపై కూర్చున్న స్త్రీ అతని తల్లి లివియా అని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు మాత్రం రాయలేదు. నాగార్జునకొండ తవ్వకాల్లో తల్లి ఫౌస్టీనా బంగారు నాణెం బయటపడింది.

అందుకే సేకరణకు దిగేవారు చట్టం కూడా తెలుసుకోవాలి. నేలలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. ఎక్కడ దొరికిందో తెలియకుండా పోయిన నాణెం చరిత్రకు సగమే పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు అరుదైన రాణుల వెంట పడకండి. రసీదు ఇచ్చే నమ్మకమైన వ్యాపారి దగ్గర ఒక్క ‘దివా ఫౌస్టీనా’ కొనండి. దాన్ని రెండు వైపులా చదవడం వచ్చాకే రెండోది కొనండి.