దెబ్బ తినాల్సింది ఎవరు?

కారు మోజు పట్టిన కుర్రాళ్లకు రబ్బరంటే చిన్నచూపు. ఇంజన్ మౌంటింగుల్లో రబ్బరు, డిఫరెన్షియల్‌ని పట్టి ఉంచే చోట రబ్బరు, వెనక సస్పెన్షన్ ఆర్ముల చివర బుష్‌ల్లో రబ్బరు. కంపెనీవాడు నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి, కుదుపంటే గిట్టని పెద్దవాళ్లను మెప్పించడానికి పెట్టాడని వాళ్ల నమ్మకం. అదంతా పీకేసి పాలీయురేథేన్ వేస్తే, మోజు ఇంకా ముదిరితే అల్యూమినియం ముక్కే బిగిస్తే, ఉన్న కారే రేసు కారైపోతుందని లెక్క. మా ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు మొన్న ఇదే మొదలెట్టాడు. "అన్నా, కింద మొత్తం పాలీ వేసేద్దాం. రబ్బరనేదే కనపడకూడదు."

అతనిదీ నాదీ ఒకే రకం కారు. మజ్దా మియాటా, మొదటి తరం. 1989లో షికాగో ఆటో షోలో బయటపెట్టిన రెండు సీట్ల బుల్లి కారు. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్, బరువు టన్నుకు లోపే. మిషిగన్‌లో మేముండే చోట రోడ్డు నిండా పెద్ద పెద్ద పికప్ ట్రక్కులు. వాటి పక్కన ఆగితే మా కారు డ్రైవరుకు వాటి చక్రాలు తప్ప ఏమీ కనిపించవు. ఇండియాలో మజ్దా కార్లు అమ్మలేదు గనక మనవాళ్లలో చాలామంది దీన్ని ఇక్కడికి వచ్చాకే మొదటిసారి చూస్తారు.

ఈ కారులో నాకు బాగా నచ్చేది, కింద వెల్లకిలా పడుకుంటే గానీ కనపడదు. ఇంజన్ ముందు ఉండి వెనక చక్రాలు తిరిగే కార్లలో సాధారణంగా ఇంజన్, గేర్‌బాక్సు ఒక జట్టుగా ఉంటాయి, డిఫరెన్షియల్ వెనకెక్కడో విడిగా ఉంటుంది. దేని మౌంటింగులు దానివే. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో ఈ కారు తయారుచేసిన బృందం గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్ దాకా పొడవాటి అల్యూమినియం దూలం ఒకటి వేసి రెండింటినీ కట్టిపడేసింది. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అని పేరు, వాడుకలో పీపీఎఫ్. గేర్‌బాక్సుకు వేరే మౌంటింగే లేదు. ముందు ఇంజన్‌కి రెండు, వెనక డిఫరెన్షియల్ చెవులకు రెండు. నాలుగే రబ్బరు ముక్కల మీద మొత్తం సరంజామా నిలబడుతుంది.

దీని సంగతి కాగితం మీద లెక్క వేస్తే బోధపడుతుంది. ఇంజన్ గరిష్ఠ టార్క్ సుమారు 136 న్యూటన్ మీటర్లు. ఫస్టు గేరు నిష్పత్తి 3.136, వెనక క్రౌన్ పినియన్‌ది 4.3. గుణిస్తే యాక్సిళ్ల దగ్గర 1,800 దాటుతుంది. మీటరు పొడవు రాడ్డు చివర 187 కిలోలు వేలాడదీస్తే ఎంత మెలిపడుతుందో అంత. చక్రాల్ని ఎంత బలంతో ముందుకు తిప్పుతుందో అంతే బలంతో డిఫరెన్షియల్ తాను వెనక్కి తిరగబోతుంది, దాని ముక్కు పైకి లేస్తుంది. 30 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మౌంటింగులతో దాన్ని ఆపాలంటే ఒక్కో చోట 600 కిలోలకు పైగా బలం పడుతుంది. పీపీఎఫ్ పుణ్యమా అని ఆ ఎడం రెండు మీటర్ల దరిదాపులకు పోయింది. అదే మెలికి ఇప్పుడు ముందు జత మీద ఓ వంద కిలోలు, వెనక జత మీద ఓ వంద కిలోలు. అందుకే మెత్తని రబ్బరు సరిపోయింది. పిసినారితనంతో పెట్టింది కాదది, లెక్క కట్టి సంపాదించుకున్న వెసులుబాటు.

మరి మార్చడం దేనికంటే, రబ్బరు ముసలిదవుతుంది. మూడు దశాబ్దాల నూనె, వేడి తగిలాక పగుళ్లిచ్చి కుంగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కి వదిలితే వెనక నుంచి 'టక్' మంటుంది. ఈ కారులో గేరు రాడ్డు నేరుగా గేర్‌బాక్సు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి కింద సరంజామా ఊగినప్పుడల్లా రాడ్డు కూడా అరచేతిలో ముందుకీ వెనక్కీ కదులుతుంది. రేస్ ట్రాక్ మీద మలుపు మధ్యలో థర్డ్ గేరు వెతుక్కోవాల్సి వస్తే అది చిన్న ఇబ్బంది కాదు. రేసర్ల కోసం మజ్దావాళ్లే అదే ఆకారంలో మరికాస్త గట్టి రబ్బరుతో మౌంటింగులు అమ్మారు. నేను ముందు వేసుకున్నవి అవే. రాడ్డు కుదురుకుంది. దానికి బదులు కట్టాల్సింది ఏమిటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తెలిసింది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. ఐడ్లింగ్‌లో నిమిషానికి 850 చుట్లంటే సెకనుకు 28 దెబ్బలు. ఇదివరకు రబ్బరు మింగేసిన ఆ దెబ్బలు ఇప్పుడు లోపలి అద్దం దాకా వచ్చాయి. వెనక కారు హెడ్‌లైట్లు రెండూ నాలుగైనట్టు కనిపిస్తాయి. "డబ్బులిచ్చి మరీ అద్దం పాడుచేసుకున్నారా?" అంది మా ఆవిడ. గేరు రాడ్డు సంగతి వివరించబోయాను గానీ ఆమె రేడియో పెట్టేసింది.

గట్టిపరచడమంటే బలపరచడం కాదు. దెబ్బ ఎక్కడికీ పోదు, తినే మనిషి మారతాడంతే. ఇంజన్ దగ్గర గట్టి చేస్తే అది మన ఒళ్లు, చెవులు తింటాయి. డిఫరెన్షియల్ మౌంటింగులు బండరాయిలా బిగిస్తే దాని పళ్లు తింటాయి. 1.6 లీటర్ల మియాటాలో డిఫరెన్షియల్ లోపలి రింగు గేరు ఆరంగుళాలదే. 1994లో 1.8 లీటర్ల ఇంజన్ వచ్చినప్పుడు దాన్ని ఏడంగుళాలకు పెంచారు. పాత కారుకు టర్బో తగిలించి, మౌంటింగులన్నీ బిగించేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలే వీరులు ఆ ఆరంగుళాల రింగునే అడుగుతున్నారు, మొత్తం నువ్వే మోయమని. అది ఒకరోజు మోయనంటుంది.

వెనక సస్పెన్షన్ దగ్గరికొస్తే కథ ఇంకా సున్నితం. ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్ములు. వాటి కీళ్లలో రబ్బరు బుష్. బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీ వైపు గట్టిగా పట్టుబడిపోతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు అక్కడేదీ జారదు, రబ్బరే తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి మళ్లీ విచ్చుకుంటుంది. కాబట్టి కారు గాల్లో, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేశారంటే, కిందికి దింపగానే ఆ రబ్బరు మెలితోనే బతుకు మొదలెడుతుంది, త్వరగా చిరుగుతుంది. కారు ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. అంబాసిడర్ కార్ల కాలంలో బెజవాడ ఆటోనగర్‌లో కమాన్ పట్టీల బుష్‌లు మార్చే పెద్దాయన "బండి కాళ్ల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బాబూ" అనేవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. నేను చేసేదేమిటంటే, పని మొదలెట్టకముందే కారు నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి గోడ మీద రాసుకుంటాను. తర్వాత హబ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి అప్పుడు పానా పడతాను.

పాలీ బుష్ పద్ధతి వేరు. అది మెలి తిరగదు, లోపలి గొట్టం మీద జారుతుంది. జారాలంటే సిలికాన్ గ్రీజు ఉండాలి. గ్రీజు ఆరితే కీచుమంటుంది, కొన్నిచోట్ల పట్టేస్తుంది కూడా. పట్టేసిన కీలు స్ప్రింగులా పనిచేయడం మొదలెడుతుంది. అప్పుడు మీరు వేల డాలర్లు పోసి కొన్న షాకబ్జార్బర్ల మాట ఎవరూ వినరు.

మెత్తదనాన్ని పనికి పెట్టుకున్న ఇంజనీర్లూ ఉన్నారు. మలుపులో ఉండగా భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే, పాత తరహా సస్పెన్షన్‌లో వెనక చక్రం వెనక్కి లాగబడి బయటి వైపు చూస్తుంది, కారు తోక తిప్పేస్తుంది. 1977లో వచ్చిన పోర్షె 928లో వైసాక్ యాక్సిల్ అని పెట్టారు. అదే లాగుడును వాడుకుని చక్రం లోపలి వైపు తిరిగేలా కీళ్లను అమర్చారు. మజ్దా కూడా 1985 నాటి ఆర్ఎక్స్-7 వెనక హబ్‌లో ఇలాంటి బుష్ పెట్టింది. మలుపు మొదట్లో చక్రం కొంచెం బయటికి, బలం పెరిగాక లోపలికి. అయితే ఎప్పుడు ఎటు తిరుగుతుందో అంతుపట్టడం లేదని రేసర్లు దాన్ని తీసేసి గట్టి బుష్ వేసుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. ఆ రబ్బరు ఏం చేస్తోందో తెలిసి, తమకు అక్కర్లేదనుకుని తీశారు. తెలియకుండా తీసేవాడితోనే నా తగువు.

నా కారులో ఇంజన్‌కి, డిఫరెన్షియల్‌కి గట్టి రబ్బరు. వెనక ఆర్ములకు కంపెనీ తరహా కొత్త రబ్బరే. మిగిలిన డబ్బు షాకబ్జార్బర్లకు, అలైన్‌మెంట్‌కి. కారును నేలకు అంటించే సరదా ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ కారులో చక్రం పైకి లేచే జాగా మొదటే తక్కువ. స్ప్రింగులు మరీ కుదిస్తే గుంట వచ్చినప్పుడల్లా, చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపులో అలా కూర్చుంటే వెనక భాగం ఉన్నట్టుండి బిగుసుకుని జారుతుంది.

ఇంత చెప్పినా అసలు పనిలో సగం తుప్పుతో కుస్తీయే. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వెనక కింది ఆర్ము లోపలి బోల్టులకే కేంబర్ (చక్రం వాలు), టో (చక్రం చూసే దిక్కు) సర్దే కామ్ పలకలు ఉంటాయి, అవే బుష్ గొట్టంలో తుప్పుపట్టి ఒకటైపోతాయి. వదులు చేసే ముందు ప్రతి పలక ఎక్కడుందో తెల్ల పెయింటుతో గీత పెట్టాలి. ఆ తర్వాత నూనె, మంట, సుత్తి. దేనికీ లొంగకపోతే రంపం. బోల్టు తలకూ ఆర్ముకూ మధ్య సందులో రంపం పళ్లు కిర్రుమంటూ దిగుతుంటే మొహం మీద ఎర్రటి పొడి రాలుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగొద్దు. రబ్బరు కాల్చి తీసే రోజున పక్కింటివాళ్లకు ముందే చెప్పుకోవడం మంచిది.

ఇండియాలోనైతే కంపెనీ ఇచ్చిన వాహన నిర్మాణాన్ని మనకిష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. మిషిగన్‌లో ఏటేటా చేయించాల్సిన వాహన తనిఖీ కూడా లేదు. నా బిగింపు సరిగ్గా ఉందో లేదో చూసే అధికారి ఎవరూ లేరు కాబట్టి ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో రెండోసారి చూసుకుంటాను.

గుంటూరు కుర్రాడు ఆర్ముల విషయంలో దిగొచ్చాడు. డిఫరెన్షియల్‌కి మాత్రం పాలీ కొనేశాడు, వెనక్కి ఇవ్వనన్నాడు. సరే వేద్దామన్నాను, ఒక షరతు మీద. ఈసారికి ఆ జత ఒక్కటే మార్చాలి, ఇంజన్ మౌంటింగులు ముట్టుకోకూడదు. తర్వాత హైవే మీద 70 మైళ్ల దగ్గర ఫిఫ్త్ గేరులో నిలకడగా నడపాలి. పినియన్ కూత సీటు వెనక నుంచి రావడం అతనికి సమ్మతమైతే అలాగే ఉంచుకుంటాడు. కాదంటే కొత్త రబ్బరు జత నా అలమరలో ఉంది, దాన్ని ఎక్కించే ప్రెస్సూ ఉంది.