40 కేబీల లోకమా, నీకో దండం

అరచేయంత ప్లాస్టిక్ డొప్పవి. అడుగున సన్నటి నోరు, ఆ నోట్లో ఇటు 30, అటు 30 లోహపు పళ్ళు. ఒంటి మీద అంచులు లేచిపోయిన బొమ్మల స్టిక్కరు. ఇంతకు మించి నీకు రూపం లేదు. అయినా మిషన్‌లో దిగి ఒక్కసారి కటక్కుమన్నావంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు వార్తల మీద ఆశ వదులుకోవాల్సిందే, అన్నదమ్ములు రెండో రిమోట్ కోసం జుట్లు పట్టుకోవాల్సిందే. వేసవి మధ్యాహ్నం ఎటు పోయిందో తెలియకుండా దీపాలు పెట్టే వేళ అయిపోవాల్సిందే. క్యాసెట్ తల్లీ, నీకు దండం.

నీ పుట్టిల్లు క్యోటో. అక్కడి నింటెండో సంస్థ 1983 జులై 15న ఎరుపు, తెలుపు రంగుల ఫామికామ్ అనే వీడియో గేమ్ మిషన్‌ను జపాన్ దుకాణాల్లో పెట్టింది. వెల 14,800 యెన్లు. దానికి రూపమిచ్చిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. ఆ మిషన్ లెక్కలు వేసుకోవడానికి దగ్గరున్న మెమరీ 2 కేబీలు. తెల్లారగానే బంధువులు పంపే శుభోదయం బొమ్మ దానికి ఎన్నో రెట్లు బరువు. ఆ లేమిలోనే నీ కలిమంతా పుట్టింది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కేబీలు. 32లో ఆట, 8లో బొమ్మలు. కొండలు, కోటలు, గొట్టాలు, తాబేళ్ళు, నీళ్ళ అడుగు లోకం, రాకుమారి, అన్నీ ఆ ఇరుకింట్లోనే కాపురం ఉండాలి. అందుకని ఆ ఆట రూపకర్తలు మియమోతో, తెజుకాల బృందం ఓ తమాషా చేసింది. ఆకాశంలో మబ్బూ నేల మీద పొదా ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. ఏళ్ళ తరబడి దాని పక్క నుంచే పరుగెత్తినవాళ్ళలో ఎంతమంది పసిగట్టారు? తెలిశాక మోసపోయామని కోపం రాదు, చేతులు జోడించబుద్ధవుతుంది. ఇక పాట. ఆ మిషన్‌కి ఒకేసారి పలికే గొంతులు ఐదు. ఆ కొద్ది గొంతులతోనే కోజీ కొండో కట్టిన బాణీ ఈనాటికీ బస్సులో ఎవరి ఫోన్లోనో మోగితే, నడి వయసు తలలు గిరుక్కున తిరుగుతాయి.

మా ఊళ్ళకు మాత్రం నువ్వు దొడ్డిదారిన వచ్చావు. అమెరికాకు పంపిన మిషన్లో నింటెండో ఓ తాళం చిప్పు పెట్టింది. ఫామికామ్‌లో ఆ తాళం లేదు. తైవాన్, చైనాల్లో దానికి నకళ్ళు పుట్టాయి, ఆ నకళ్ళు కోఠి ఎలక్ట్రానిక్స్ సందుల మీదుగా జిల్లా పట్టణాల ఫ్యాన్సీ షాపుల దాకా పాకాయి. నీ ఒంటి మీద ‘9999999 ఇన్ 1’ అని అచ్చు. లోపల అసలు ఆటలు లెక్కపెడితే వేళ్ళ మీద సరి. మిగతావన్నీ ఆ ఆటలే, వేరే స్టేజీ నుంచి మొదలై, వేరే పేరు తగిలించుకుని. ఎంత అబద్ధాలకోరువే! అయినా ఆ లిస్టు చివర ఏముందోనని బటన్ నొక్కీ నొక్కీ బొటనవేలు కాయలు కాయించుకోని పిల్లాడు ఎవడు?

కాంట్రా అనే ఆటలోని మంత్రం సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. వెంటనే 30 లైఫులు. ఈ మంత్రానికి ద్రష్ట కొనామీ ప్రోగ్రామర్ కజుహిసా హషిమోతో. గ్రేడియస్ అనే ఆటను పరీక్షించాల్సి వచ్చి, అది తనకే కొరుకుడు పడక, తన సౌకర్యం కోసం పెట్టుకున్న దొంగదారి అది. ఆయన 2020లో పోయాడు. ఇంటర్నెట్ ఊసే లేని రోజుల్లో ఆ మంత్రం జపాన్ నుంచి మన వీధుల్లోకి పిల్లల నోటి మీదే నడిచొచ్చింది.

ఇప్పుడు నీకు వెలలు కట్టేవాళ్ళు బయల్దేరారు. 1990 నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీ పేరున చేసిన క్యాసెట్లు బూడిదరంగువి 90, బంగారు రంగువి 26. ఒకే క్యాసెట్‌లో మూడు ఆటలు, గడువు 6 నిమిషాల 21 సెకన్లు. అంత కొద్దిమంది అక్కచెల్లెళ్ళు ఉంటే ధర పలకడంలో వింత లేదు. సూపర్ మారియో 64 సంగతి అది కాదు. కోటికి పైగా అమ్ముడుపోయిన ఆట అది. అందులో సీలు తియ్యని పెట్టె ఒకటి 2021 జులైలో అమెరికా వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. పారదర్శకమైన డబ్బాలో బిగించి, పదికి 9.8 మార్కులు వేసి మరీ అమ్మారు. (డబ్బున్నవాళ్ళకి వేరే సరదాలు కరువయ్యాయా అని నా అనుమానం.) ఆ వెల ఆటకు కాదు, ఎవరూ ఆడనందుకు. పోగేసేవాళ్ళంటే నాకు గౌరవమే గానీ, మిషన్ మొహం చూడని క్యాసెట్‌ను చూస్తే జాలేస్తుంది. అటారీ వాళ్ళ ఈ.టీ. ఇంకో చోద్యం: 1982లో కొద్ది వారాల్లో హడావిడిగా వండేసిన ఆట. అమ్ముడుపోని సరుకును న్యూ మెక్సికోలో చెత్త కింద పాతేశారు. 2014లో తవ్వి తీస్తే, ఒక క్యాసెట్ ఏకంగా స్మిత్సోనియన్ మ్యూజియంలో కూర్చుంది.

నేను కట్టే వెల వేరు. 1987లో అమెరికాలో అడుగుపెట్టిన బంగారు రంగు ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ను విప్పి చూస్తే లోపల ఒక పలక, దాని మీద చిప్పులు, ఓ మూల రూపాయి బిళ్ళంత బ్యాటరీ. ఆడినవాడు ఎక్కడిదాకా వచ్చాడో, ఏ కత్తి సంపాదించాడో, ఎన్ని గుండెకాయలు కూడబెట్టుకున్నాడో, కరెంటు తీసేసినా గుర్తుంచుకునేది ఆ బిళ్ళ పుణ్యాన. ఆట తెరిస్తే మూడు పేర్లకు చోటు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యాసెట్ పెట్టి స్విచ్ వేస్తే, ఆ మూడు చోట్లలో ఎవరెవరివో పేర్లు పలకరించవచ్చు. మూడో నేలమాళిగ దగ్గర ఆగిపోయిన తమ్ముడు, ఆఖరి దాకా వెళ్ళిన అక్క. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, ఆటను ఎందుకు అమ్ముకున్నారో నువ్వు చెప్పవు. ఆ బ్యాటరీ ఏదో ఒక రోజు అయిపోతుంది. మార్చకపోతే ఆట ఇక దేన్నీ గుర్తుంచుకోదు. మార్చబోతే ఆ పేర్లు చెరిగిపోతాయి. ఓపికున్నవాళ్ళు ముందు ఆ పేర్లను కంప్యూటర్లోకి దించుకుని, పాత బిళ్ళను ఊడదీసి, కొత్తది టంకం పెట్టి, పేర్లను మళ్ళీ యథాస్థానంలో కూర్చోబెడతారు. ఏ వేలంపాటలోనూ ఈ పనికి మార్కులు లేవు.

పాత ఆటలను ఇలా కాపాడుకోవడం అత్యవసరం కూడా. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇవాళ అక్కడి మార్కెట్లో కొనుక్కుందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అసలువాటి గతే అది. ఇక మన వీధుల్లో తిరిగిన నకళ్ళకు కేటలాగు ఎవరు రాస్తారు? ఏ పేరూ లేని కంపెనీలు, తప్పుల తడక స్పెల్లింగులు, మారియో బొమ్మ పెట్టి లోపల ఇంకేదో ఆట ఇచ్చిన పెట్టెలు. వేలంలో వాటికి చిల్లిగవ్వ రాదు. తెలుగు పిల్లల వేసవి సెలవులకు సాక్ష్యం మాత్రం అవే.

కాబట్టి చదువరీ, మీ ఇంటి అటక మీద పాత సామాన్ల సంచి ఉంటే కిందికి దించండి. ప్లాస్టిక్ లెక్కన తూకానికి అమ్మేయకండి. క్యాసెట్ దొరికితే పూర్వం చేసినట్టు నోటితో ఉఫ్‌మని ఊదకండి, ఉమ్మి తడికి పళ్ళు చిలుం పడతాయి. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, ఆ పళ్ళ మీద మెల్లగా తుడవండి. దూది నల్లబడుతుంది, ఇంకొకటి తీసుకోండి. అది కూడా నల్లబడితే మరొకటి. తడి పూర్తిగా ఆరాకే మిషన్‌లో పెట్టండి. స్టిక్కరును, పెట్టెను, జాబితా తెరను ఫోటో తీసి, ఏ ఊళ్ళో ఏ షాపులో ఎంతకు కొన్నారో గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి. రెండో రిమోట్ కూడా వెతకండి.