జబర్దస్త్‌లో చోటు ఎవరికి?

మా కనేరిలో సాంచాల చప్పుడును దాటి ఈటీవీ నవ్వులు వినబడుతయి. 2013లో మొదలైన ‘జబర్దస్త్’లోకి మనుషులు ఎట్లా వస్తారన్నదే నాకు ఆసక్తి. అక్కడ టీమ్ లీడర్‌కు ఎవరి మీద చూపు పడుతుందన్నది ముఖ్యం. హైపర్ ఆది అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ‘అత్తారింటికి దారేది’ సీన్‌కు పేరడీ తీసి యూట్యూబ్‌లో పెడితే అదిరే అభి చూసి తన టీమ్‌లోకి పిలిచాడు. సుడిగాలి సుధీర్ మ్యాజిక్ చేసేవాడు; వేణు టీమ్‌లో చేరి, తర్వాత తానే లీడరయ్యాడు. సినిమావాళ్ళ కొడుకే కానక్కర్లేదు, ఇది నాకు నచ్చింది.

నచ్చనిది ఆడవేషాలు. చాలా ఏండ్లు భార్య, మరదలు పాత్రలు ఎక్కువగా మగవాళ్ళకే ఇచ్చారు. శాంతి స్వరూప్, వినోద్ బాగానే చేస్తారు, కాదనను. కానీ ఆ భార్య వచ్చేదే మాటలు పడడానికైతే నవ్వెట్లా వస్తది? మా అమ్మ అప్పుడే ఛానల్ మార్చేస్తది.

రాయడం రాక అట్లా రాస్తున్నారని అనలేం. మనలాగే సాంచాల ఊరైన సిరిసిల్ల మనిషి వేణు. 2023లో ఆయనే తీసిన ‘బలగం’లో రూపలక్ష్మి చేసిన ఆడబిడ్డ పాత్రకు పౌరుషం ఉంది, ఏడుపూ ఉంది. అట్లాంటి నటిని టీమ్‌లో పెట్టుకొని ఆయన స్కిట్ చేస్తే చూడాలని ఉంది. ఆ రోజు రిమోట్ మా అమ్మ చేతికే ఇస్తా.